శ్వాసను గమనించమన్న వైద్యుడు: హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ సారథి ఎడ్వర్డ్ లారీ

సూరత్ నగరంలోని మరమగ్గాల వాడల్లో తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి తరతరాలుగా స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ ఇళ్ళలోనైనా, తెలుగు నేలపై మరే ఇంట్లోనైనా, ఎవరికైనా శస్త్రచికిత్స చేయాలని వైద్యులు చెప్పినప్పుడు కత్తి కంటే ముందు మత్తే భయపెడుతుంది. కోత ఎంత పెద్దదో, కుట్లు ఎన్నో తర్వాత అడుగుతారు. మత్తు ఇస్తే మళ్ళీ మెలకువ వస్తుందా అన్న సందేహం మాత్రం అంగీకార పత్రంపై సంతకం చేసే క్షణం వరకు వెంటాడుతూనే ఉంటుంది.

ఈ సందేహానికి ప్రయోగశాలలో సమాధానం రాబట్టాలని ఒక రాజ్యం పూనుకున్న ఘట్టం చరిత్రలో ఉంది. ఆ రాజ్యం హైదరాబాద్. సూరత్ తెలుగు కుటుంబాలలో అనేకుల పూర్వీకులు నివసించినది ఆ నిజాం రాజ్యంలోనే. 1888, 1889 సంవత్సరాలలో అక్కడ ఏర్పాటైన రెండు క్లోరోఫాం కమిషన్లు ప్రపంచ వైద్యలోకం దృష్టిని తమవైపు తిప్పుకున్నాయి. వాటికి ప్రాణం పోసినవాడు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఆయన నమ్మినదానిలో కొంత నిజమై నిలిచింది, కొంత తప్పని తేలింది. రోగి భద్రతకు ఆ రెండూ ఉపకరించాయి.

మత్తుమందుతోపాటే మొదలైన జీవితం

లారీ 1846లో జన్మించారు. మత్తువైద్య చరిత్రలోనూ అది మరపురాని సంవత్సరమే. ఆ ఏడాది అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఒక రోగికి ఈథర్ ఆవిరి పట్టించగా, శస్త్రవైద్యుడు ఆ రోగి మెడపై ఉన్న కణితికి శస్త్రచికిత్స చేశారు. అంతవరకు శస్త్రచికిత్స అంటే రోగిని నలుగురు బలంగా అదిమి పట్టుకోవడం, వైద్యుడు వీలైనంత వేగంగా కోసి ముగించడం. ఈథర్‌తో ఆ దృశ్యం మారిపోయింది.

మరుసటి ఏడాది, 1847 నవంబర్‌లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం ఆవిరికి ఉన్న మత్తు గుణాన్ని కనుగొన్నారు. అది ఈథర్ కంటే త్వరగా పనిచేసేది, కొద్ది మోతాదు సరిపోయేది, ఈథర్‌లా నిప్పు అంటుకునేది కాదు. కొన్ని వారాల్లోనే బ్రిటన్ అంతటా దాని వాడుక వ్యాపించింది.

అయితే ఆ ఆనందం మూడు నెలలైనా నిలవలేదు. 1848 జనవరి 28న ఇంగ్లాండ్‌లోని న్యూకాజిల్ సమీపంలో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలి వేలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి, కొద్ది నిమిషాల్లోనే మరణించింది. గోరు తీయడం వంటి చిన్న పనిలో ఆరోగ్యవంతురాలైన పిల్ల ప్రాణం పోవడం వైద్యులను కలవరపరచింది. ఆమెను బతికించే ప్రయత్నంలో నోట్లో పోసిన నీరు, బ్రాందీ శ్వాసకు అడ్డుపడి ఉంటాయని సింప్సన్ వాదించారు. గాఢమైన క్లోరోఫాం ఆవిరి ఒక్కసారిగా గుండెను ఆపివేసిందని లండన్ వైద్యుడు జాన్ స్నో అభిప్రాయపడ్డారు.

ఈ ఒక్క మరణంపై పుట్టిన వివాదం అరవై ఏళ్ళకు పైగా వైద్యలోకాన్ని రెండు శిబిరాలుగా చీల్చింది. క్లోరోఫాం వల్ల ముందుగా ఆగేది శ్వాసా, గుండెా అన్నది ప్రశ్న. దానికి ఇచ్చే సమాధానాన్ని బట్టే మత్తు ఇచ్చే వ్యక్తి దేనిపై దృష్టి నిలపాలో తేలుతుంది. లండన్ వైద్యులు రోగి నాడిపై వేలు ఉంచి మత్తు ఇచ్చేవారు. ఎడిన్‌బరో వైద్యులు నాడిని పట్టించుకోకుండా శ్వాసను గమనించేవారు.

ఎడిన్‌బరో శిక్షణ

లారీ వైద్యవిద్య సాగింది ఎడిన్‌బరోలోనే. అక్కడి ప్రసిద్ధ శస్త్రవైద్యాచార్యుడు జేమ్స్ సైమ్ వద్ద ఆయన శిక్షణ పొందారు. క్లోరోఫాం విషయంలో సైమ్ నియమాలు సరళమైనవి. ఆవిరితోపాటు గాలి ధారాళంగా లోపలికి వెళ్ళాలి. ఇచ్చే వ్యక్తి కన్ను రోగి శ్వాసపైనే ఉండాలి. శ్వాసలో గురక వంటి శబ్దం వచ్చినా, అడ్డు ఏర్పడినా వెంటనే మందు ఆపి నాలుకను ముందుకు లాగాలి. సైమ్ అల్లుడు, క్రిమిరహిత శస్త్రచికిత్సకు ఆద్యుడు అయిన జోసెఫ్ లిస్టర్ కూడా నాడి కంటే శ్వాసకే ప్రాధాన్యం ఇచ్చారు.

ఈ బోధన లారీ మనసులో బలంగా నాటుకుంది. గురువు పద్ధతిని తు.చ. తప్పకుండా పాటిస్తే క్లోరోఫాం వల్ల ప్రాణాపాయం ఉండదని ఆయన నమ్మారు. తర్వాత ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి భారతదేశానికి వచ్చారు. లాహోర్ వైద్య కళాశాలలో శస్త్రవైద్యం బోధించారు. 1885లో హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా బాధ్యతలు స్వీకరించారు.

భారతదేశంలో క్లోరోఫాంకు ప్రాధాన్యం ఏర్పడటానికి వాతావరణం కూడా ఒక కారణం. ఈథర్ సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. దక్కను ఎండల్లో సీసా మూత తీయగానే అది ఆవిరైపోయేది. పైగా దీపాల వెలుతురులో శస్త్రచికిత్స చేసే రోజుల్లో దాని ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదం ఉండేది. క్లోరోఫాం మరిగేది 61 డిగ్రీల వద్ద. చిన్న సీసా, ఒక గుడ్డ ఉంటే చాలు, మారుమూల ఆసుపత్రిలోనైనా దానిని వాడవచ్చు. అందువల్ల క్లోరోఫాం ప్రమాదకరమా కాదా అన్న చర్చ లండన్ వైద్యులకు సిద్ధాంత సమస్య అయితే, భారతదేశంలోని వైద్యులకు రోజువారీ సమస్యగా ఉండేది.

హైదరాబాద్‌లో కొత్త అధ్యాయం

లారీ వచ్చేనాటికి హైదరాబాద్ వైద్య పాఠశాలకు దాదాపు నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1846లో ప్రారంభమైన ఆ పాఠశాలలో పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో బోధించేవారు. ఉత్తీర్ణులైనవారికి హకీం అన్న పట్టం లభించేది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం ఆ పాఠశాలే. మూసీ నది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో విద్యార్థులు శిక్షణ పొందేవారు.

ఈ పాఠశాల, ఆసుపత్రులు లారీ పర్యవేక్షణలోకి వచ్చాయి. అక్కడి శస్త్రచికిత్స గదుల్లో ఆయన ఎడిన్‌బరో పద్ధతిని ప్రవేశపెట్టారు. గుడ్డను శంఖంలా చుట్టి, దాని కొనలో కొద్దిగా దూది ఉంచి, దానిపై క్లోరోఫాం చిలకరించి, గాలి ధారాళంగా ఆడేలా రోగి ముఖం వద్ద పట్టుకోవడమే ఆ పద్ధతి. ఖరీదైన యంత్రాలేవీ అవసరం లేదు. అవసరమైనదల్లా కన్ను పక్కకు తిప్పని మనిషి. వైద్య విద్యార్థులకు ఆ శిక్షణను ఆయన స్వయంగా ఇచ్చారు. హైదరాబాద్‌లో వేలాది మందికి ఈ పద్ధతిలో మత్తు ఇచ్చారు.

ఆ అనుభవం ఆయన విశ్వాసాన్ని మరింత పెంచింది. అదే సమయంలో బ్రిటన్ నుంచి వచ్చే వైద్య పత్రికల్లో క్లోరోఫాం మరణాల వార్తలు ఆగడం లేదు. 1880 ప్రాంతంలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ తరఫున గ్లాస్గోలో పనిచేసిన సంఘం, క్లోరోఫాం గుండెను బలహీనపరుస్తుందని జంతు ప్రయోగాల ఆధారంగా నిర్ధారించింది. లారీ దీనితో ఏకీభవించలేదు. వాదనకు వాదనతో బదులివ్వడం చాలదని, ప్రయోగంతోనే తేల్చాలని నిశ్చయించుకున్నారు.

మొదటి కమిషన్

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇరవై ఏళ్ళు దాటిన యువకుడు. లారీ ప్రతిపాదనకు నిజాం ప్రభుత్వం ఆమోదం తెలిపింది. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. వైద్యుడు పాట్రిక్ హెహిర్ దానికి అధ్యక్షత వహించారు. వందకు పైగా వీధి కుక్కలకు ప్రాణం పోయేంతవరకు క్లోరోఫాం ఇచ్చి, శ్వాస ముందు ఆగుతుందా, గుండె ముందు ఆగుతుందా అని పరిశీలించారు. అన్నింటిలోనూ శ్వాస ముందుగా ఆగిందని, గుండె ఆ తర్వాత కొంతసేపు కొట్టుకుందని కమిషన్ ప్రకటించింది. శ్వాస ఆగిన వెంటనే కృత్రిమ శ్వాస కల్పిస్తే ప్రాణం నిలపవచ్చునని దాని సారాంశం.

లండన్ నుంచి వెలువడే ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్ ఈ ఫలితాన్ని నమ్మలేదు. యూరప్ ప్రయోగశాలలు తేల్చిన విషయాన్ని దక్కనులో జరిగిన పరీక్షలు తోసిపుచ్చడం పత్రికకు ఆశ్చర్యం కలిగించింది. ఆ అనుమానానికి హైదరాబాద్ ఇచ్చిన జవాబు అసాధారణమైనది. లాన్సెట్ తనకు నచ్చిన నిపుణుడిని పంపి ప్రయోగాలను మళ్ళీ జరిపించవచ్చునని, అందుకయ్యే ఖర్చుకు 1,000 పౌండ్లు ఇస్తామని నిజాం ప్రభుత్వం ప్రకటించింది. తన నిర్ణయాన్ని సందేహించినవారికే పరీక్షించే అవకాశం, అందుకు తగిన ధనం ఇవ్వడం ఆ రోజుల్లో అరుదైన ఔదార్యం.

రెండవ కమిషన్

లాన్సెట్ ఎంచుకున్న నిపుణుడు థామస్ లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడవచ్చునని 1867లోనే చూపిన ఈ లండన్ వైద్యుడు, ఔషధాల ప్రభావంపై నాటి బ్రిటన్‌లో అగ్రశ్రేణి పరిశోధకుడు. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపగలదన్న అభిప్రాయంతోనే ఆయన 1889 అక్టోబర్‌లో హైదరాబాద్ చేరుకున్నారు. లారీ అధ్యక్షతన రెండవ కమిషన్ ఏర్పడింది. అందులో బ్రంటన్‌తోపాటు జెరాల్డ్ బొంఫోర్డ్, రుస్తుంజీ సభ్యులుగా పనిచేశారు.

ఏడాది చివరి వరకు ప్రయోగాలు సాగాయి. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి నాలుగు వందలకు పైగా జంతువులను ఇందుకు ఉపయోగించారు. జంతువు రక్తనాళానికి గొట్టం అమర్చి, మసి పూసిన కాగితం చుట్టిన డోలుపై రక్తపీడనం గీతగా పడేలా ఏర్పాటు చేశారు. ఊపిరి ఆగిన క్షణం, గుండె ఆగిన క్షణం పక్కపక్కనే ఆ కాగితంపై నమోదయ్యేవి. అన్ని జంతువుల ప్రాణాలు బలిపెట్టడం నేటి ప్రమాణాలకు బాధ కలిగించేదే. అయితే శస్త్రచికిత్స బల్లపై మనుషులు ఎందుకు మరణిస్తున్నారో తెలియని కాలంలో, ఆ కాలపు పరిశోధకులకు అది తప్పనిసరిగా తోచింది.

ఫలితం మొదటి కమిషన్‌తో ఏకీభవించింది. మోతాదు మించినప్పుడు శ్వాసే ముందు ఆగుతుందని కమిషన్ తేల్చింది. బ్రంటన్ తన పాత అభిప్రాయాన్ని మార్చుకున్నారు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను వివరంగా ప్రచురించింది. పారిస్, బెర్లిన్, లండన్ ప్రయోగశాలల సరసన హైదరాబాద్ పేరు వైద్య పత్రికల్లో నిలిచింది.

నివేదికలోని ఆచరణ సూత్రాలు నేటి పాఠకుడికి కూడా సులభంగా అర్థమవుతాయి. రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి. మెడ, రొమ్ము, పొట్టలపై బిగుతు బట్టలు ఉండరాదు. రోగి ఊపిరి బిగబట్టకుండా, పెనుగులాడకుండా చూసుకోవాలి. ఊపిరి ఏ కారణంగానైనా సక్రమంగా లేకపోతే వెంటనే గుడ్డను తీసివేయాలి. కనుగుడ్డును తాకినా రెప్ప కదలనంతగా మత్తు పూర్తయ్యాకే శస్త్రచికిత్స మొదలుపెట్టాలి. శ్వాసకు ఆటంకం కలిగితే దవడను ముందుకు తీసి, నాలుకను లాగి, కృత్రిమ శ్వాస ఇవ్వాలి. మత్తు ఇచ్చే వ్యక్తికి శస్త్రచికిత్సతో సంబంధం ఉండరాదు, అతని ధ్యాస అంతా రోగి ఊపిరిపైనే ఉండాలి.

రూపాబాయి ఫర్దూన్‌జీ

లారీ జీవితంలో మరొక ముఖ్య ఘట్టం మహిళల వైద్యవిద్యకు సంబంధించినది. 1885లో హైదరాబాద్ వైద్య పాఠశాలలో ఐదుగురు మహిళలు విద్యార్థినులుగా చేరారు. వారిలో ఒకరు పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూన్‌జీ. గుజరాత్ తీరంలో, సూరత్ వంటి రేవు పట్టణాల్లో శతాబ్దాల పాటు ఎదిగి, ఆ తర్వాత బొంబాయికి, దక్కనుకు విస్తరించిన సమాజం పార్సీలది. చదువుపై వారికున్న శ్రద్ధ వల్ల ఆడపిల్లలను వైద్యవిద్యకు పంపినవారిలో వారు ముందు వరుసలో నిలిచారు.

రూపాబాయి 1889లో హకీం పట్టా పొందారు. రెండవ కమిషన్ పనిచేసిన ఏడాది కూడా అదే. లారీ వద్ద క్లోరోఫాం ఇవ్వడం నేర్చుకున్న ఆమె, ఆ విద్యనే తన వృత్తిగా ఎంచుకున్నారు. పరదా పాటించే స్త్రీలు పురుష వైద్యుల ముందుకు రావడానికి వెనుకాడే ఆ కాలంలో, స్పృహ కోల్పోయే క్షణాల్లో తల దగ్గర ఒక స్త్రీ నిలబడి ఉండటం ఎందరికో ధైర్యాన్నిచ్చి ఉండాలి. 1909లో ఆమె ఎడిన్‌బరో వెళ్ళారు. మత్తువైద్యానికి ప్రత్యేక కోర్సు లేని ఆ రోజుల్లో, మత్తు వాయువులతో పనిచేసేవారికి ఉపకరించే భౌతిక, రసాయన శాస్త్రాలను అభ్యసించారు. తిరిగి వచ్చి హైదరాబాద్ ఆసుపత్రుల్లో సేవలందించి 1920లో పదవీ విరమణ చేశారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమేనని అనేకమంది వైద్య చరిత్రకారులు గుర్తించారు.

మత్తు ఇవ్వడం శస్త్రవైద్యుడి సహాయకుడు చేసే చిల్లర పని అన్న భావన అప్పటికి ఇంకా బలంగానే ఉంది. దానిని ఒక ప్రత్యేక విద్యగా, ఒకరి పూర్తి బాధ్యతగా పరిగణించిన వాతావరణం హైదరాబాద్‌లో లారీ కల్పించారు. రూపాబాయి వృత్తి జీవితం ఆ వాతావరణానికి సజీవ నిదర్శనం.

ఎదురుగాలి

రెండవ కమిషన్ నివేదికతో వివాదం ముగిసిపోతుందని లారీ ఆశించారు. అది జరగలేదు. 1893లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు గాస్కెల్, షోర్ తమ ప్రయోగాల ఆధారంగా హైదరాబాద్ నిర్ణయాన్ని విమర్శించారు. క్లోరోఫాం గుండెపై నేరుగా ప్రభావం చూపుతుందని వారు పేర్కొన్నారు. 1902లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైద్యుడు ఎడ్వర్డ్ ఎంబ్లే కూడా మత్తు ప్రారంభ దశలోనే గుండె ఆగే అవకాశం ఉందని చూపారు. ఆసుపత్రుల నుంచి వచ్చే మరణ వార్తలు కూడా ఈ అనుమానానికే బలం చేకూర్చాయి.

లారీ వెనక్కి తగ్గలేదు. మరణం సంభవించినచోట మత్తు ఇచ్చిన తీరులోనే లోపం ఉందని ఆయన వాదించారు. గుండె ప్రమాదం గురించి చెప్పడం వల్ల మత్తు ఇచ్చేవారి దృష్టి శ్వాస నుంచి నాడి వైపు మళ్ళి, నిజమైన ప్రమాదాన్ని వారు గమనించలేకపోతారన్నది ఆయన ఆందోళన. ఆ ఆందోళనలో కొంత న్యాయం ఉంది. అయితే తన పద్ధతిలో మరణాలు సంభవించవని చెప్పేంత దూరం వెళ్ళడం ఆయన బలహీనతగా మారింది. 1901 ప్రాంతంలో ఆయన ఉద్యోగ విరమణ చేసి భారతదేశాన్ని వీడారు. ఏడేళ్ళ తర్వాత, 1908 సెప్టెంబర్ 28న మూసీ నదికి వచ్చిన మహా వరద, ఆయన శిష్యులు శిక్షణ పొందిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ధ్వంసం చేసింది. ఉస్మానియా జనరల్ ఆసుపత్రి భవనం దాని వారసత్వంగా తర్వాత వెలసింది.

తేలిన నిజం

1911లో లండన్ వైద్యుడు గుడ్‌మన్ లెవీ ఈ చిక్కుముడిని విప్పారు. అందరూ మోతాదు మించినప్పుడు ఏమి జరుగుతుందో చూస్తుండగా, ఆయన మత్తు పలచగా ఉన్నప్పుడు ఏమి జరుగుతుందో పరిశీలించారు. పిల్లులపై చేసిన ప్రయోగాల్లో, క్లోరోఫాం మత్తు తేలికగా ఉన్న దశలో అడ్రినలిన్ రక్తంలో చేరితే గుండె కింది గదులు లయ తప్పి అదరడం మొదలై, రక్తాన్ని పంపలేక హఠాత్తుగా ఆగిపోతుందని చూపారు. అడ్రినలిన్ శరీరంలోనే పుట్టే స్రావం. భయం, నొప్పి, పెనుగులాట దాన్ని ఉప్పెనలా విడుదల చేస్తాయి.

అప్పటివరకు అర్థంకాని మరణాలకు ఒక కారణం దొరికింది. గోరు తీయడం, పన్ను పీకడం వంటి చిన్న పనుల్లోనే ఎక్కువగా ప్రాణాలు పోవడానికి కారణం, వాటికి మత్తు తక్కువ ఇచ్చి తొందరగా పని మొదలుపెట్టడమే. బలహీనులు బయటపడుతుండగా, భయంతో పెనుగులాడే దృఢకాయులు మొదటి నిమిషాల్లోనే మరణించడం అందుకే. రోగి భయపడటం అతని మనసుకు సంబంధించిన విషయం మాత్రమేనని అంతవరకు భావించారు. క్లోరోఫాం యుగంలో ఆ భయమే గుండెకు ప్రమాదకారణమైందని లెవీ పరిశోధన వెల్లడించింది.

హైదరాబాద్ కమిషన్ అబద్ధం చెప్పలేదు. మోతాదు మించితే శ్వాస ముందు ఆగుతుందన్నది నిజమే. అయితే ఆసుపత్రుల్లో హఠాత్తుగా మరణించినవారిలో చాలామంది మోతాదు మించి మరణించలేదు. కమిషన్ తాను అడిగిన ప్రశ్నకు సరైన జవాబే రాబట్టింది. రోగుల ప్రాణాలు తీసిన ప్రశ్న వేరొకటి.

ఇందులో ఒక విశేషం దాగి ఉంది. గుండె ప్రమాదాన్ని అంగీకరించని లారీ, తన పద్ధతి ద్వారా ఆ ప్రమాదాన్నే చాలావరకు దూరం పెట్టారు. రోగి పెనుగులాడకూడదని, ఊపిరి బిగబట్టకూడదని, మత్తు పూర్తికాకుండా కత్తి తాకకూడదని ఆయన పట్టుబట్టారు. అడ్రినలిన్ పొంగకుండా చేసే జాగ్రత్తలు సరిగ్గా అవే. ఆయన సిద్ధాంతం కంటే ఆయన చేతి అలవాటు గొప్పది. హైదరాబాద్‌లో ఆయన సాధించిన సురక్షిత ఫలితాలకు, లాన్సెట్ పాఠకులకు కలిగిన అపనమ్మకానికి మధ్య ఉన్న వైరుధ్యం ఇలా విడిపోతుంది.

లారీ 1915లో కన్నుమూశారు. అప్పటికి లెవీ పరిశోధన వెలువడి నాలుగేళ్ళు గడిచాయి.

మిగిలిన వారసత్వం

క్లోరోఫాం ఇప్పుడు శస్త్రచికిత్స గదుల్లో లేదు. 1956లో హాలోథేన్ రావడంతో దాని వాడుక త్వరగా తగ్గిపోయింది. ఆ తర్వాత మరింత సురక్షితమైన మందులు వచ్చాయి. అయితే భద్రత పెరగడానికి కొత్త మందులు మాత్రమే కారణం కాలేదు. గమనించే తీరు మారింది. 1974లో జపాన్ శాస్త్రవేత్త తకువో అవోయాగి రూపొందించిన సూత్రం ఆధారంగా వచ్చిన పల్స్ ఆక్సీమీటర్, వేలికి తగిలించిన చిన్న పరికరంతో నాడిని, రక్తంలోని ఆక్సిజన్‌ను ఒకేసారి చూపుతుంది. ప్రతి ఊపిరిలో బయటకు వచ్చే బొగ్గుపులుసు వాయువును కొలిచే పరికరం శ్వాస మార్గం తెరిచి ఉందో లేదో క్షణక్షణం చెబుతుంది. 1986లో హార్వర్డ్ ఆసుపత్రులు శస్త్రచికిత్స ముగిసేవరకు మత్తువైద్యుడు గదిలోనే ఉండాలని, నిరంతరం పర్యవేక్షించాలని నియమావళి రూపొందించాయి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స భద్రతా తనిఖీ జాబితాను ప్రకటించింది. మత్తు ఇవ్వకముందే పరికరాలు, మందులు, అలర్జీలు, శ్వాస మార్గంలో ఇబ్బందులను సరిచూసుకోవాలని అది నిర్దేశిస్తుంది.

లండన్, ఎడిన్‌బరో పద్ధతుల మధ్య గెలుపు ఎవరిదన్న ప్రశ్నకు ఆ పరికరాల తెరే జవాబు చెబుతుంది. శ్వాస గీత, గుండె గీత ఒకే తెరపై పక్కపక్కనే కదులుతాయి. ఒకదాన్ని చూస్తూ మరొకదాన్ని వదిలేయాల్సిన అవసరం నేటి మత్తువైద్యులకు లేదు. ఆరోగ్యవంతులైన రోగుల్లో కేవలం మత్తు కారణంగా ప్రాణాపాయం కలగడం, సదుపాయాలున్న ఆసుపత్రుల్లో లక్షలో ఒకటికి అటూఇటూగా ఉంటుందని వైద్యులు అంచనా వేస్తారు. క్లోరోఫాం కాలంలో అది కొన్ని వేలలో ఒకటిగా ఉండేది.

ఈ మార్పు రోగిపై కూడా కొంత బాధ్యత ఉంచుతుంది. శస్త్రచికిత్సకు ముందు మత్తువైద్యుడు అడిగే ప్రశ్నలకు దాపరికం లేకుండా సమాధానం చెప్పాలి. వాడుతున్న మందులు, పొగ, మద్యం అలవాట్లు, ఉబ్బసం, గుండె జబ్బు, గతంలో మత్తు వల్ల తనకు గాని రక్తసంబంధీకులకు గాని కలిగిన ఇబ్బంది, ఊడిపోయేలా ఉన్న పళ్ళు వంటి వివరాలు చెప్పడం అవసరం. సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి ఘనాహారం, రెండు గంటల ముందు నుంచి నీరు కూడా మానివేయాలని వైద్యులు సూచిస్తారు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోని ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదాన్ని నివారించడానికే ఆ నియమం. ఆకలికి తట్టుకోలేడని పెద్దలు ప్రేమతో చాటుగా పెట్టే ఇడ్లీ ముక్క కూడా ప్రమాదం తెచ్చిపెట్టగలదు.

భయం ఉంటే దానిని కూడా మత్తువైద్యుడికి చెప్పుకోవాలి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. తల దగ్గర ఎవరు ఉంటారు, శస్త్రచికిత్స ముగిసేవరకు వారు అక్కడే ఉంటారా, శ్వాసను, గుండెను ఏ పరికరాలతో గమనిస్తారు అని అడగడం రోగి హక్కు. హన్నా గ్రీనర్‌కు ఆ ప్రశ్నలు అడిగే అవకాశం లేదు. ఆమె మరణానికి కారణం చెప్పగలిగినవారూ ఆనాడు లేరు.

నేటి కోఠి మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నాటి రెసిడెన్సీ భవనం ఎత్తైన స్తంభాలతో ఇప్పటికీ నిలిచి ఉంది. అక్కడికి దగ్గరలోని ఆసుపత్రుల్లో ప్రతిరోజూ ఎందరో మత్తులోకి జారుకుని, మళ్ళీ కళ్ళు తెరుస్తున్నారు. వారి తల దగ్గర ఒక వైద్యుడో వైద్యురాలో కూర్చుని ప్రతి ఊపిరినీ గమనిస్తూ ఉంటారు. ఎడ్వర్డ్ లారీ కోరుకున్నది అదే. ఆయన కాదన్న గుండె లయను కూడా వారు అంతే శ్రద్ధగా గమనిస్తున్నారు.